వేలికి తగ్గ తీగ

ఎలక్ట్రిక్‌ గిటార్‌ కొనేటప్పుడు రంగు చూస్తారు. కంపెనీ చూస్తారు. ధర సరేసరి. దానికున్న తీగలు ఎంత లావన్నది మాత్రం ఎవరూ అడగరు. తీరా ఇంటికి తెచ్చాక, వేళ్లు మండుతున్నాయంటూ పిల్లాడు దాన్ని మూలన పెడితే 'వీడికి శ్రద్ధ లేదు' అనేస్తారు. తప్పు పిల్లాడిది కాకపోవచ్చు... తీగది కావచ్చు! ఆ సంగతి అర్థం కావాలంటే వేళ్ల కొసలు పోగొట్టుకున్న ఓ గిటారిస్టు కథ తెలుసుకోవాలి.

అది 1965. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌ నగరం. రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న పదిహేడేళ్ల కుర్రాడికి ఉద్యోగంలో అదే చివరి రోజు. ఆ తర్వాత ఓ బ్యాండుతో కలిసి జర్మనీ వెళ్లాలి, అక్కడ గిటార్‌ వాయించాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినవాడు ఇక ఫ్యాక్టరీకి వెళ్లనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మొదలుపెట్టిన పని సగంలో వదిలేయకూడదని మందలించి పంపింది.

రేకును ఒత్తే యంత్రం దగ్గర పనిచేసే మనిషి ఆ రోజు రాలేదు. ఆ పని ఇతనికి అప్పగించారు. చేయి తిరిగిన పని కాదు. రేకును లోపలికి తోస్తున్నాడు. అంతలో యంత్రం దిగింది. బెదిరి చేయి వెనక్కి లాక్కున్నాడు. మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు ఊడిపోయాయి. అది కుడిచెయ్యి.

గిటార్‌ మీద తీగలు నొక్కేది ఎడమచెయ్యి కదా, ఫర్వాలేదనుకుంటున్నారేమో. అక్కడే ఉంది అసలు దురదృష్టం. ఆ కుర్రాడిది ఎడమచేతి వాటం. అంటే అతను తీగలు నొక్కేది కుడిచేతి వేళ్లతోనే!

అతని పేరు టోనీ ఐయోమీ. తర్వాతి రోజుల్లో 'బ్లాక్‌ సబ్బత్‌' బ్యాండు గిటారిస్టుగా, హెవీమెటల్‌ సంగీతానికి మూలపురుషుల్లో ఒకడిగా ప్రపంచానికి తెలిసింది అతనే.

ప్లాస్టిక్‌ సీసా... తోలు ముక్క

ఇక గిటార్‌ మాట మరచిపొమ్మన్నారు డాక్టర్లు. కుర్రాడు కుంగిపోయాడు. అప్పుడు ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన చూడ్డానికొస్తూ ఓ గ్రామఫోన్‌ రికార్డు పట్టుకొచ్చాడు. గిటార్‌ సంగీతం వినే స్థితిలో లేనన్నా వదల్లేదు, వినాల్సిందేనన్నాడు. విన్నాక అసలు సంగతి చెప్పాడు. ఆ రికార్డులో వాయించినతను తీగల మీద రెండు వేళ్లతోనే అంత సంగీతం పలికించాడట! ఆయనే జాంగో రైన్‌హార్ట్‌. 1928లో తాముండే బండికి నిప్పంటుకుని ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లతోనే యూరప్‌ జాజ్‌ సంగీతంలో తిరుగులేని పేరు తెచ్చుకున్నాడాయన.

ఆ రికార్డు ఐయోమీలో పట్టుదల పెంచింది. గిన్నెలు కడిగే ద్రవం వచ్చే ప్లాస్టిక్‌ సీసా ఒకటి తీసుకుని కరిగించి ఉండ చేశాడు. కాల్చిన సోల్డరింగ్‌ ఐరన్‌తో దానికి వేలు దూరేంత రంధ్రం పెట్టాడు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది వేలి కొస ఆకారానికి తెచ్చాడు. తీగ మీద జారకుండా పాత తోలు కోటు ముక్క కోసి అంటించాడు. దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగులాంటిదన్నమాట. అలాంటివి రెండు తయారయ్యాయి.

తొడుగులు కుదిరాయి కానీ మరో చిక్కు వచ్చిపడింది. వేలికి తీగ తగిలితే ఎంత నొక్కాలో మెదడుకు తెలుస్తుంది. ప్లాస్టిక్‌కు ఏం తెలుస్తుంది? గట్టిగా నొక్కితే కింద ఉన్న గాయం సలుపుతుంది. నెమ్మదిగా నొక్కితే స్వరం పలకదు. పైగా అప్పటి తీగలు ఇప్పటిలా సన్నవి కావు. అంత లావు తీగను పక్కకు లాగడం ఆ తొడుగులతో అయ్యే పని కాదు.

అందుకని ఐయోమీ వేళ్లను తీగకు అలవాటు చేసే ప్రయత్నం మానేశాడు. తీగనే వేళ్లకు తగ్గట్టు మార్చుకున్నాడు. బాంజో అనే వాద్యానికి వాడే సన్నటి తీగలు కొనుక్కొచ్చి గిటార్‌కు కట్టాడు. అతన్ని మళ్లీ గిటారిస్టును చేసిన నిర్ణయాల్లో ఇది చాలా ముఖ్యమైనది.

వెంట్రుకలో మూడో వంతు!

అసలు ఈ తీగల లావు లెక్క ఏమిటి? దుకాణానికెళ్లి ఎలక్ట్రిక్‌ గిటార్‌ తీగలడిగితే 'నైన్సా, టెన్సా' అని ఎదురు ప్రశ్న వస్తుంది. ప్యాకెట్ల మీద 9-42 అనో, 10-46 అనో ఉంటుంది. ఇదే గేజ్‌. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాల మందమన్నది ఆ అంకె చెబుతుంది. మొదటి అంకె ఆరు తీగల్లో అన్నిటికంటే సన్నదానిది. రెండోది అన్నిటికంటే లావుదానిది. 9 సైజు తీగ మందం 0.23 మిల్లీమీటర్లు. 10 సైజుది 0.25 మిల్లీమీటర్లు. రెంటికీ తేడా సుమారుగా తలవెంట్రుక మందంలో మూడో వంతు!

ఈ మాత్రానికే అంత తేడా వస్తుందా అంటే... వస్తుంది. లావు పెరిగిన కొద్దీ తీగ బరువు అంతకు మించి పెరుగుతుంది. బరువైన తీగ అదే స్వరం పలకాలంటే మరింత బిగించాలి. ఈ లెక్కన 9 బదులు 10 సైజు తీగ కడితే బిగువు దాదాపు 23 శాతం పెరుగుతుంది. 11 కడితే 49 శాతం! కంటికి ఆనని తేడాను వేలు ఇట్టే పట్టేస్తుంది.

మొత్తం ఆరు తీగలూ కలిపి చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఫెండర్‌ తరహా గిటార్‌ మీద 9-42 సెట్టు మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు తీగలన్నీ కలిసి లాగే బలం సుమారు 38 కిలోలు. 10-46 సెట్టయితే సుమారు 47 కిలోలు. ఇదంతా గిటార్‌ మెడ మీద పగలూ రాత్రీ పడే భారమే.

తీగ పొడవుకూ ఇందులో పాత్ర ఉంది. ఫెండర్‌ గిటార్లలో మోగే తీగ పొడవు సాధారణంగా ఇరవై అయిదున్నర అంగుళాలు. గిబ్సన్‌ గిటార్లలో అది సుమారు ఇరవై నాలుగుముప్పావు. ముప్పావు అంగుళం తగ్గేసరికి అదే తీగ, అదే శ్రుతిలో దాదాపు ఆరు శాతం వదులుగా ఉంటుంది. ఫెండర్‌ తరహా గిటార్లు ఎక్కువగా 9 సైజు తీగలతో, గిబ్సన్‌ తరహావి 10 సైజుతో దుకాణాలకు వస్తుంటాయి. పొట్టి గిటార్‌కు కాస్త లావు తీగ కట్టినా వేలికి భారం కాదు మరి.

మూడో తీగతో తంటా

ఐయోమీ బాంజో తీగలు వెతుక్కోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? గిటార్‌ తీగల్లోనే సన్నవి లేవా? ఆ రోజుల్లో అవి దొరకడమే కష్టం. 1950ల్లో అమ్మే సెట్లు మామూలుగా 12, 13 సైజులతో మొదలయ్యేవి. మూడో తీగకు కూడా పైన సన్నటి తీగ చుట్టి ఉండేది. కరెంటు లేని గిటార్‌ నలుగురికీ వినపడాలంటే లావు తీగ కావాల్సిందే. కరెంటు గిటార్‌ వచ్చింది కానీ తీగల సెట్లు పాతవే కొనసాగాయి.

ఈ ఇబ్బందిని కనిపెట్టింది ఓ దుకాణదారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, టార్జానా అనే చోట ఎర్నీ బాల్‌ 1958లో గిటార్ల దుకాణం తెరిచాడు. తనూ గిటారిస్టే, పాఠాలూ చెప్పేవాడు. అప్పట్లో బాగా అమ్ముడయ్యే సెట్టులో మూడో తీగ 29 సైజు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది లొంగేది కాదు. దాన్ని 24 సైజుకు తగ్గిస్తే బావుంటుందని ఫెండర్‌ కంపెనీకి చెప్పాడు. వాళ్లు వద్దన్నారు. దాంతో తీగల తయారీదారుతో సొంతంగా చేయించుకుని అమ్మడం మొదలుపెట్టాడు.

ఇంకో చిత్రమూ ఆయన కంటబడింది. కొందరు గిటారిస్టులు ఓ సెట్టు కొని అందులో లావుపాటి ఆరో తీగ పారేసేవారు. మిగతావాటిని ఒక్కో స్థానం కిందికి జరిపి, ఖాళీ అయిన మొదటి స్థానంలో బాంజో తీగ కట్టుకునేవారు. జేమ్స్‌ బర్టన్‌ లాంటి పేరున్న గిటారిస్టులూ బాంజో తీగలతో ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లే. కొనేవాడు ఇంత అవస్థ పడటమెందుకని ఎర్నీ బాల్‌ ఆ సన్న తీగలన్నిటినీ ఒకే ప్యాకెట్లో పెట్టాడు. 1962లో అలా పుట్టిందే 'స్లింకీ' సెట్టు. ఇవాళ దుకాణాల్లో దొరికే 9-42, 10-46 సెట్లు ఆ దారిలో వచ్చినవే.

బ్రిటన్‌లో ఐయోమీకి మాత్రం ఆ సౌకర్యం కొన్నేళ్ల పాటు అందలేదు. సన్న తీగలు చేసివ్వమని కంపెనీల చుట్టూ తిరిగితే అలాంటివి ఎవరూ కొనరన్నారని ఆయనే చెప్పుకున్నాడు. చివరికి 1970ల మొదట్లో పికాటో అనే కంపెనీ ముందుకొచ్చింది.

లావు తీగ మగతనమా?

గిటారిస్టుల లోకంలో ఓ నమ్మకం బలంగా పాతుకుపోయింది. తీగ ఎంత లావైతే శబ్దం అంత గంభీరమని, సన్న తీగలు వాడేవాళ్లు చేతగానివాళ్లని. ఈ నమ్మకానికి పెద్ద ఆధారం స్టీవీ రే వాన్‌. అమెరికాలోని టెక్సస్‌ రాష్ట్రానికి చెందిన ఈ బ్లూస్‌ గిటారిస్టు 1990లో హెలికాప్టర్‌ ప్రమాదంలో చనిపోయాడు. ఆయన వాడిన తీగలు 13 సైజుతో మొదలై 58 దాకా వెళ్లేవి. అంత లావు తీగలను సైతం రబ్బరులా సాగదీసినట్టు వాయించేవాడు. అది విన్న కుర్రాళ్లంతా ఆ శబ్దం కోసం 13 సైజు తీగలు కొన్నారు. వేళ్లు పుండ్లు చేసుకున్నారు.

వాళ్లు గమనించనివి రెండున్నాయి. మొదటిది, ఆయన గిటార్‌ను మామూలు శ్రుతి కంటే ఒక స్వరస్థానం కిందికి దించి వాయించేవాడు. అలా దించితే బిగువు 11 శాతం దాకా తగ్గుతుంది. రెండోది, అంత చేయి తిరిగిన మనిషికీ వేలి కొసలు చీరుకుపోయేవి. చర్మాన్ని సూపర్‌గ్లూతో అంటించుకుని వేదికెక్కిన సందర్భాలున్నాయి. అభిమానులు శబ్దమే విన్నారు, ఆ వేళ్లను చూడలేదు!

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ అదే టెక్సస్‌ నుంచి వచ్చిన బిల్లీ గిబ్బన్స్‌. జెడ్‌జెడ్‌ టాప్‌ బ్యాండు గిటారిస్టు. కుర్రతనంలో ఆయనా లావు తీగలతోనే కుస్తీ పట్టాడు. ఓసారి బ్లూస్‌ దిగ్గజం బి.బి.కింగ్‌ ఆయన గిటార్‌ అందుకుని వాయించి చూసి, ఇంత కష్టపడటం ఎందుకని అడిగాడట. ఆ ఒక్క ప్రశ్నతో గిబ్బన్స్‌ దారి మారింది. తర్వాత ఆయన 7 సైజు తీగలకు దిగాడు. అయినా ఆ బ్యాండు శబ్దం బలహీనంగా ఉందని ఎవరూ అనలేదు.

ఇద్దరిలో ఎవరు ఒప్పు? ఇద్దరూ! ఎలక్ట్రిక్‌ గిటార్‌లో శబ్దం పెట్టెలోంచి రాదు. తీగ కింద పికప్‌ అనే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు సన్నటి రాగి తీగ ఉంటాయి. ఇనుప గుణమున్న తీగ కదిలితే అందులో చిన్న విద్యుత్‌ సంకేతం పుడుతుంది. లావు తీగలో లోహం ఎక్కువ కాబట్టి సంకేతం కాస్త ఎక్కువ. గట్టిగా కొట్టినా తీగ నిలకడగా ఉంటుంది. సన్న తీగ వేలికి తేలిగ్గా వంగుతుంది, సున్నితంగా పలుకుతుంది. తగ్గిన శబ్దాన్ని పెంచడానికి ఆంప్లిఫయర్‌కు ఓ మర ఉండనే ఉంది. తెగిన వేలి చర్మాన్ని పెంచే మర మాత్రం ఎక్కడా దొరకదు.

పాలకొల్లు బాలుడి ఉపాయం

తీగను వాద్యకారుడు తన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం మనకు తెలియనిదేం కాదు. మాండలిన్‌ శ్రీనివాస్‌ చేసిందీ అదే. 1969లో పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఆయన ఆరేళ్ల వయసులో తండ్రి మాండలిన్‌ అందుకున్నాడు. ఆ వాద్యానికి మామూలుగా ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుంటాయి. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. వీణ మీద తీగను మెట్టు మీదే పక్కకు లాగి గమకం పలికించినట్టు, జంట తీగలను సమంగా లాగడం ఎంత కష్టమో ఊహించవచ్చు. మామూలు మాండలిన్‌ నాదం ఎక్కువసేపు నిలవదు కూడా.

శ్రీనివాస్‌ ఎలక్ట్రిక్‌ మాండలిన్‌ ఎంచుకున్నాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు కట్టాడు. మంద్రస్థాయి కోసం మరో తీగ చేర్చి మొత్తం అయిదు చేశాడు. అంతే, పాశ్చాత్య వాద్యం త్యాగరాజ కీర్తన పలికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్లు. 2014లో కన్నుమూసే దాకా ఆ అయిదు తీగల వాద్యమే ఆయన చిరునామా.

మన సంగీతంలో గమకమైనా, గిటారిస్టులు 'బెండ్‌' అని పిలిచేదైనా తీగను పక్కకు లాగడమే. ఆ లాగుడు వేలికి ఎంత సులువైతే స్వరం అంత కచ్చితంగా, అనుకున్న చోట ఆగుతుంది. లాగడానికే శక్తంతా ఖర్చయిపోతే ఇక రాగం మీద ధ్యాస ఎక్కడుంటుంది?

ఎవరికి ఏ సైజు?

మరి ఇంట్లో పిల్లలకో, పెద్దయ్యాక సరదా తీర్చుకోవాలనుకునేవాళ్లకో తీగలు కొనాలంటే ఏం చూడాలి?

8-38: బాగా సన్నవి. వేళ్లలో బలం తక్కువున్నవాళ్లకు, కీళ్లనొప్పులున్న పెద్దలకు హాయి. గట్టిగా మీటితే మెట్లకు తగిలి జీరగా మోగుతాయి. చేయి సుతారంగా ఉండాలి.

9-42: కొత్తగా నేర్చుకునేవాళ్లకు, పిల్లలకు ఇక్కణ్నుంచి మొదలుపెట్టడం మేలు. బెండ్లు తేలిగ్గా వస్తాయి. ఇవి నేర్చుకునేవాళ్లకే అనుకుంటే పొరపాటు. ఎడ్డీ వాన్‌ హేలెన్‌ లాంటి మహా వేగగాడు 9-42 తోనే చరిత్ర సృష్టించాడు.

10-46: మధ్యే మార్గం. అన్ని తీగలనూ కలిపి మీటడమూ, విడి స్వరాలు వాయించడమూ రెండూ చేసేవాళ్లకు సరిపోతాయి. పొట్టి మెడ గిటార్లకు బాగా నప్పుతాయి.

11-49: శ్రుతిని ఒకటి రెండు స్వరస్థానాలు దించి వాయించేవాళ్లకు, బలంగా మీటే అలవాటున్నవాళ్లకు.

12, ఆపైన: బెండ్లు అంతగా వాడని జాజ్‌ వాద్యకారులకు, శ్రుతిని బాగా కిందికి దించేవాళ్లకు. మామూలు శ్రుతిలో ఇవి కొత్తవాళ్ల వేళ్లకు పరీక్షే.

పై మూడు తీగలు సన్నగా, కింది మూడు లావుగా ఉండే 9-46, 10-52 లాంటి మిశ్రమ సెట్లూ దొరుకుతాయి. విడి స్వరాలకు సులువు, కింది తీగలకు బరువు రెండూ కావాలనుకునేవాళ్ల కోసం.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మామూలు గిటార్‌కు వాడే కంచు తీగలు ఎలక్ట్రిక్‌ గిటార్‌కు పనికిరావు. కంచుకు అయస్కాంత గుణం లేదు, అందుకని పికప్‌ వాటిని సరిగా పట్టుకోలేదు. నైలాన్‌ తీగలైతే అసలే పలకవు. ప్యాకెట్‌ మీద 'ఎలక్ట్రిక్‌' అని ఉందో లేదో చూసుకోవాలి.

సరైన సైజో కాదో తేల్చుకోవడానికి రెండు వారాలు వాయించి చూస్తే చాలు. బెండ్‌ చేసినప్పుడు స్వరం చేరాల్సిన చోటికి చేరకుండా ఆగిపోతోందా? తీగ లావెక్కువన్నమాట. మామూలుగా నొక్కినా స్వరం కాస్త పైకి జారి అపశ్రుతి పలుకుతోందా? తీగ మరీ సన్నదై ఉండొచ్చు, లేదా పట్టు మరీ గట్టిదై ఉండొచ్చు. ఏదైనా ఒక్కసారిగా కాకుండా ఒక్కో మెట్టు మారాలి. 9 నుంచి 10కి, 10 నుంచి 11కి.

నొప్పి సంగతీ చెప్పుకోవాలి. మొదట్లో కొన్ని వారాలు వేలి కొసలు మండటం సహజం. చర్మం గట్టిపడి కాయలు కాస్తే అది పోతుంది. మణికట్టు, మోచేయి నొప్పిపెడుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా మాత్రం అది సాధన కాదు, గాయానికి దారి. వెంటనే ఆపాలి. తీగ సైజు తగ్గించాలి. అయినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

తీగ మారితే గిటార్‌ అలుగుతుంది

సైజు మార్చి కట్టేయగానే పని అయిపోదు. 9 తీసి 10 కడితే గిటార్‌ మెడ మీద భారం తొమ్మిది కిలోల దాకా పెరుగుతుంది. మెడ కొద్దిగా ముందుకు వంగుతుంది. తీగలు మెట్ల నుంచి పైకి లేస్తాయి. వాయించడం ఇంకా కష్టమవుతుంది. 'పది సైజు మనకు పడదు' అనుకుని వదిలేస్తారు చాలామంది. నిజానికి పడనిది తీగ కాదు, సర్దుబాటు చేయని మెడ. దాని లోపల ట్రస్‌ రాడ్‌ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని కాస్త బిగిస్తే మెడ సరవుతుంది. సన్న తీగలకు మారితే ఇదే పని తిరగేసి చేయాలి. లేకపోతే మెడ వెనక్కి వాలి, తీగలు మెట్లకు రాసుకుని గరగరమంటాయి.

మెడ చివర తీగలు కూర్చునే గాళ్లున్న పట్టీ ఉంటుంది. సన్న తీగకు కోసిన గాడిలో లావు తీగ ఇరుక్కుంటుంది. శ్రుతి చేస్తుంటే 'టింగు'మని శబ్దం వచ్చి ఒక్కసారిగా స్వరం ఎగిరితే కారణం అదే. వెనక స్ప్రింగుల మీద తేలే వంతెన ఉన్న గిటారైతే, తీగ మారగానే వంతెన ఓ పక్కకు ఒరుగుతుంది. స్ప్రింగులు సర్దాలి. ఇవన్నీ చేతకాకపోతే తెలిసినవాళ్లకు ఇవ్వడమే మేలు. ట్రస్‌ రాడ్‌ మీద బలప్రయోగం చేస్తే గిటారే పాడవుతుంది.

తీగలకు ఆయుష్షు కూడా ఉంది. చెమటకు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన తీగ ఏ సైజుదైనా వేలిని గీరుతుంది, శ్రుతి నిలబెట్టదు. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే నాలుగు కాలాలు మన్నుతాయి.

అత్యంత బరువైన శబ్దం

ఇక మళ్లీ బర్మింగ్‌హామ్‌కి. 1970 ఫిబ్రవరి 13న బ్లాక్‌ సబ్బత్‌ మొదటి ఆల్బమ్‌ వచ్చింది. అప్పటిదాకా రాక్‌ సంగీతంలో ఎవరూ వినని బరువు, చీకటి అందులో వినిపించాయి. అది లావు తీగల మహిమ అనుకున్నవాళ్లు ఎందరో! ఐయోమీ తీగలు 8 సైజు దగ్గర మొదలయ్యే సన్నవని తెలిస్తే ఏమనేవారో.

అక్కడితో ఆగలేదు. 1971 నాటి 'మాస్టర్‌ ఆఫ్‌ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఆయన గిటార్‌ శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించేశాడు. అలా దించితే బిగువు దాదాపు 29 శాతం తగ్గుతుంది. తొడుగులున్న వేళ్లకు తీగ మరింత లొంగింది. కిందికి దిగిన శ్రుతి శబ్దానికి ఇంకా బరువు తెచ్చింది. తర్వాతి తరాల హెవీమెటల్‌ బ్యాండ్లు శ్రుతి దించడాన్ని ఓ సంప్రదాయంగా పాటిస్తున్నాయి. ఒక మనిషి తన దెబ్బతిన్న వేళ్లకు కాస్త ఉపశమనం వెతుక్కుంటే, అది ఓ సంగీత శైలికి గుర్తయింది!

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌ మైదానంలో బ్లాక్‌ సబ్బత్‌ చివరి కచేరీ జరిగింది. డెబ్బై ఏడేళ్ల ఐయోమీ ఆ వేదిక మీదా గిటార్‌ వాయించాడు. వాయించలేవని డాక్టర్లు చెప్పిన అరవై ఏళ్ల తర్వాత, రెండు వేళ్లకు తొడుగులతోనే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా వేళ్లు నొప్పంటూ గిటార్‌ని మూలన పెట్టి ఉంటే, శ్రద్ధ లేదని కోప్పడే ముందు ఒక్కసారి ఆ తీగల సైజు చూడండి. ఒక మెట్టు తగ్గించి మళ్లీ చేతికివ్వండి. తీగ లొంగితే వేలు నిలుస్తుంది. వేలు నిలిస్తే పాట దానంతటదే వస్తుంది.